చేతిచదువునకు దారి చూపిన యంత్రవేత్త జి. డి. నాయుడు

కడప జిల్లాలో మైదుకూరు నాలుగు మార్గములు కలియు కూడలి. కడపనుండి కర్నూలునకు పోవు రహదారియు, ప్రొద్దుటూరునుండి బద్వేలునకు పోవు దారియు ఇచ్చట కలిసికొనును. ఒకవైపు కర్నూలు–కడప కాలువ నీటితో పండు మాగాణి. మరియొకవైపు వానను నమ్ముకొన్న మెట్ట. కాలువనీరు అందని పొలములకు బోరుబావియే ఆధారము. ఆ బోరుబావికి మోటారే ప్రాణము. మూడు ఫేజుల విద్యుత్తులో ఒక ఫేజు తప్పినను, వోల్టేజి మిక్కిలి పడిపోయినను మోటారు వేడెక్కి లోపలి రాగితీగ చుట్లు కాలిపోవును. పసుపుతోటకో ఉల్లిమడికో తడి అందవలసిన వేళ ఇట్లు జరిగినచో, రైతు ఆ మోటారును పైకి తీయించి రివైండింగు దుకాణమునకు పరుగెత్తవలసినదే.

అట్టి దుకాణమున పని నేర్చుకొను యువకునకు మొదట పట్టుబడవలసినది లెక్క. కాలిన చుట్టును విప్పునప్పుడు అందు ఎన్ని చుట్లున్నవో, తీగ ఎంత లావున్నదో, ఏ గాడినుండి ఏ గాడికి పోయినదో గుర్తించి వ్రాసికొనవలెను. ఆ లెక్క తప్పినచో క్రొత్త తీగ ఎంత నేర్పుగా చుట్టినను మోటారు సరిగా తిరుగదు. ఉన్నత పాఠశాలలో పదవ తరగతి విద్యార్థి భౌతికశాస్త్ర పాఠమున మోటారు బొమ్మను గీచి, భాగములకు పేర్లు వ్రాసి, మార్కులు పొందును. దుకాణములోని వానికి చుట్టు తెలియును గాని తరచుగా దాని వెనుకనున్న సూత్రము తెలియదు. పాఠశాలలోని వానికి సూత్రము తెలియును గాని తరచుగా చుట్టును చేత ముట్టి యెరుగడు. రెండింటికి నడుమ దూరము ఒక వీధి వెడల్పు మాత్రమే. అయినను దానిని దాటువారు అరుదు.

ఆ వీధిని తాను దాటి, ఇతరులను గూడ దాటింప యత్నించిన తెలుగువాడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి. డి. నాయుడుగా లోకమునకు పరిచితులైన ఈయన జీవితము బోధించువారును నేర్చువారును తెలిసికొనదగినది.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమందలి కలంగల్ గ్రామమున జన్మించిరి. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. తమిళదేశమున తరతరములుగా స్థిరపడి, ఇంట తెలుగు మాటాడుచు, వెలుపల తమిళమున వ్యవహరించు కుటుంబములలో వారిది యొకటి. ఆ ప్రాంతమునకును మన రాయలసీమకును పోలికలు లేకపోలేదు. అచ్చటను నల్లరేగడి గలదు, ప్రత్తి పండును, బావి త్రవ్విన రైతే నిలిచియుండును. అయితే కోయంబత్తూరున 1888లోనే నూలుమిల్లు వెలసినది. పొలమునుండి వచ్చిన ప్రత్తి కనులయెదుటనే యంత్రమున నూలగుచుండుట చూచుచు పెరిగిన ఊరు అది.

బాలుడైన నాయుడు బాల్యమునందే తల్లిని కోల్పోయెను. బడి ఆతనికి రుచింపలేదు. ఒకచోట కూర్చుండి చెప్పినది వల్లించుట ఆతని స్వభావమునకు సరిపడలేదు. ప్రాథమిక విద్య దాటకుండగనే చదువు ముగిసినది. అంతమాత్రమున ఆతడు జ్ఞానమునకు విముఖుడనుకొనరాదు. బడి ఆతనికి వస్తువులను చూపలేదు, మాటలనే చూపినది. ఆతని మనస్సు వస్తువులను కోరినది. ఇట్టి పిల్లలు ప్రతి తరగతిలోను ఇద్దరో ముగ్గురో ఉందురు. వారిని మందబుద్ధులని వెనుక వరుసకు పంపుట ఎంత సులభమో, వారి చేతికి పని యిచ్చి పరీక్షించుట అంత కష్టము.

యౌవనమున ఒకనాడు ఆతడు ఒక ఆంగ్ల రెవిన్యూ అధికారి నడుపుచున్న మోటారు సైకిలును చూచెను. గుఱ్ఱము లేదు, ఎద్దు లేదు, త్రొక్కు మనిషి లేడు. అయినను బండి పరుగెత్తుచున్నది. చూచినవారందరు ఆశ్చర్యపడిరి. ఆశ్చర్యముతో ఆగిపోక, లోపల ఏమున్నదని తెలిసికొన గోరినవాడు ఆ పల్లెటూరి యువకుడు. కోరిక తీరవలెనన్న బండి తనది కావలెను. బండి తనది కావలెనన్న ధనము కావలెను. ఆతడు కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. పైసకు పైస చేర్చి, తుదకు 300 రూపాయలకు ఆ మోటారు సైకిలును సంపాదించెను. అది 1912వ సంవత్సరపు రడ్జ్ బండి.

కొన్న బండిని ఎక్కి ఊరేగినచో ఆ కథ అంతటితో ముగిసియుండెడిది. ఆతడు దానిని విప్పెను. మరలు, గొలుసులు, పిస్టను, కార్బ్యురేటరు, నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు, అన్నియు వేర్వేరుగా పరచి, ఒక్కొక్కటి ఎందులకున్నదో పరిశీలించెను. పిదప మరల కూర్చెను. ఆ విధముగా యంత్రవిద్య ఆతనికి పట్టుబడినది. గురువు లేడు, గ్రంథము లేదు. యంత్రమే గురువు, యంత్రమే పరీక్షాధికారి. కూర్పు సరియైనచో బండి కదలును, తప్పైనచో కదలదు. ఆ తీర్పునకు సిఫారసు పనిచేయదు, బుజ్జగింపు పనిచేయదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. వస్తువును విప్పుట పసివాడును చేయగలడు. విప్పినదానిని తిరిగి కూర్చుటయే విద్య. కూర్చవలెనన్న విప్పునప్పుడే క్రమము గుర్తుంచుకొనవలెను. ఏ మర ఏ రంధ్రమునదో చూచుకొనవలెను. మిగిలిపోయిన చిన్న ఉంగరము ఏ తప్పిదమును సూచించునో ఆలోచింపవలెను. ఓర్పు, పరిశీలన, జ్ఞాపకము, కార్యకారణ విచారము, ఈ నాలుగును ఒక్క పనిలో అలవడును. కూర్పులేని విప్పుడు కుతూహలమునకు ఆరంభము మాత్రమే.

నాయుడుగారి దారి పూలబాట కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆయన తిరుప్పూరున ప్రత్తి వ్యాపారము సాగించి లాభము గడించిరి. బొంబాయిలో పెట్టుబడి పెట్టి దానిని పోగొట్టుకొనిరి. తిరిగి యంత్రముల వైపునకే మరలిరి. కోయంబత్తూరున పేరెన్నికగన్న ఆంగ్ల పారిశ్రామికుడు రాబర్టు స్టేన్సు చేయూత నిచ్చెను. ఆ సహాయముతో 1920లో ఒక మోటారు బండిని కొని, పొల్లాచి పళనుల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిరి. ఆ ఒక్క బండియే యూనివర్సల్ మోటారు సర్వీసుగా పెరిగినది. 1933 నాటికి ఆ సంస్థ క్రింద 280 బస్సులు నడిచినవి. అన్ని బండ్లు వేళకు బయలుదేరి వేళకు చేరవలెనన్న మరమ్మతు చేయు కర్మాగారమే సంస్థకు గుండెకాయ. కొత్త ఆలోచనలను పరీక్షించుటకు నాయుడుగారికి దొరికిన ప్రయోగశాలయు అదియే.

1930ల దశకమున ఆయన యూరపు ఖండమును పర్యటించిరి. చూచిన దేశములను కెమెరాలో బంధించుట ఆయనకు ప్రీతి. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయముగా చలనచిత్రముగా తీసిరి. చిన్న మోటారును పొడి బ్యాటరీలతో త్రిప్పు క్షౌరయంత్రమొకటి ఆయన ప్రతిభకు ఫలము. అది రసాంత్ అను పేర ప్రసిద్ధి చెందినది. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు, కెమెరాలో దూరమును సరిచేయు సాధనము, పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్ల నమోదు యంత్రము మున్నగునవి ఆయన ఆలోచననుండి వెలువడినవి. వీనిలో దేనికిని విశ్వరహస్యములతో ప్రసక్తి లేదు. అన్నియు సామాన్యుని దినచర్యలో ఎదురగు చిక్కులకు సమాధానములు. ఏది కొరవడినదో చూచుట, దానికి ఉపాయము కట్టుట, ఉపాయమును చేతితో చేసి చూచుట. ఇదియే ఆయన పద్ధతి.

ఆ దశకముననే పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు సీమకు చేరినది. మిల్లులు పెరిగినవి, బావులపై విద్యుత్ పంపులకు అవకాశము కలిగినది. కాని మోటారులు సముద్రము దాటి రావలసియుండెను. 1937లో నాయుడుగారి సంస్థలో, డి. బాలసుందరం నాయుడుగారి సహకారముతో, విద్యుత్ మోటారు తయారైనది. ఇది స్వదేశమున తయారైన తొలి మోటారుగా ప్రసిద్ధికెక్కినది. కోయంబత్తూరు నగరము మోటారులకును పంపులకును పుట్టినిల్లుగా పేరు పొందుటకు అట్టి ప్రయత్నములే నాంది. నేడు రాయలసీమ బావులపై తిరుగు పంపులలో ఎన్నియో ఆ నగరమునుండి వచ్చినవే.

మోటారు తరువాత రేడియో. రేడియో సంపన్నుల ఇండ్లలోనే వినిపించిన ఆ రోజులలో, 1941లో, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే భారతదేశమున తయారు చేయగలనని నాయుడుగారు ప్రకటించిరి. వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందు వేడెక్కిన తంతువునుండి ఎలక్ట్రానులు వెలువడి ప్రవహించును. ఆకాశమునుండి వచ్చు అతి బలహీనమైన సంకేతమును క్రమక్రమముగా పెంచి, మాటగా పాటగా వినిపించుటలో ఈ బుడ్డీలదే ప్రధానపాత్ర. ట్రాన్సిస్టరు 1947లో గాని పుట్టలేదు. కావున నాటి యువకునకు ఎలక్ట్రానిక్సు అనగా వాల్వు రేడియోయే. దానిని చౌకగా ఇచ్చుట వార్తలను చౌకగా ఇచ్చుట మాత్రమే కాదు. చౌక వస్తువును విప్పి చూచుటకు భయముండదు. ఖరీదైన పరికరము అద్దాల బీరువాలో దాగును, చౌకదే పిల్లవాని చేతికి వచ్చును.

1944లో నాయుడుగారు బస్సుల వ్యాపారపు క్రియాశీల నిర్వహణనుండి విరమించి, పరిశోధక విద్యార్థులకు వేతనములను, కార్మికులకును అణగారిన వర్గములకును సంక్షేమ పథకములను ప్రకటించిరి. మరుసటి యేడు 1945లో, ఆయన చొరవతో, కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దానితోపాటు ఇంజనీరింగు కళాశాల వెలసినవి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తోడ్పాటునకు గుర్తుగా ఆ పేరు పెట్టబడినది. ప్రాథమిక పాఠశాల దాటని వ్యక్తి ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. విద్యాచరిత్రలో ఇట్టి ఘట్టములు అరుదు.

ఆ పదవి ఆయనకు చిరకాలము నిలువలేదు. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు పట్టుట కాలహరణమని, ఒక విషయమును నేర్చుటకు రెండేండ్లు చాలునని ఆయన అభిప్రాయము. తరగతిలో కొంతకాలము, కర్మాగారమున కొంతకాలము, ఇట్లు చదువును పనిని పెనవేసిన పద్ధతిని ఆయన ప్రతిపాదించిరి. బ్రిటిషు ప్రభుత్వము అంగీకరింపలేదు. నాయుడుగారు పదవిని విడిచిరి. కళాశాల మాత్రము నిలిచినది. స్థలము మారి, పేరు మారి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కోయంబత్తూరున ప్రసిద్ధి చెందియున్నది.

ఆ వివాదమున న్యాయ మెవరి పక్షమున నున్నది? తొందరపడి తీర్పు చెప్పరాదు. నాలుగేండ్లు కూర్చుండి మోటారును బొమ్మలో మాత్రమే చూచిన పట్టభద్రుడు నిజముగా కాలమును కోల్పోయినవాడే. కాని సేతువు ఎంత బరువు మోయునో లెక్కింపవలసినవానికి, విద్యుత్ కేంద్రమును రూపొందింపవలసినవానికి గణితము తప్పదు. అది రెండేండ్లలో తొందరించిన రాదు. నాయుడుగారివంటి ప్రతిభావంతుడు కంటితో చూచి గ్రహించినదానిని సామాన్య విద్యార్థి మెట్టు మెట్టుగా ఎక్కవలెను. కావున సంవత్సరముల సంఖ్యలో ఆయన మాట చర్చనీయము. చేయి తగులని చదువు చదువు కాదన్న మూలసూత్రమున మాత్రము ఆయనది సత్యము. తదనంతర కాలమున మన పాలిటెక్నిక్కులు కొన్ని చదువులలో విద్యార్థులను నెలల తరబడి కర్మాగారములకు పంపు విధానమును అవలంబించుటయే ఇందుకు నిదర్శనము.

ఇట్టి స్వయంకృషి ఒక దేశమునకు పరిమితము కాదు. 1791లో ఇంగ్లండున ఒక కమ్మరి ఇంట పుట్టిన మైకేల్ ఫారడే పుస్తకములకు అట్టలు కట్టు పనిలో చేరి, కట్టవచ్చిన గ్రంథములనే చదివి, వానిలోని ప్రయోగములను చేసి చూచి శాస్త్రజ్ఞుడయ్యెను. 1831లో ఆయన కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే నేటి జనరేటరునకును మైదుకూరు బోరు మోటారునకును మూలము. లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1825లో ఆరంభమై నేటికిని సాగుచున్న క్రిస్మసు ఉపన్యాసములు బాలబాలికల యెదుట ప్రయోగములు చేసి చూపుటకే ఏర్పడినవి. ఫారడే పలుమార్లు వానిని నిర్వహించెను. ఫారడేకు రాయల్ ఇన్‌స్టిట్యూషను అండగా నిలిచినది. నాయుడుగారు తన కర్మాగారమును తానే నిర్మించుకొనవలసి వచ్చెను.

కర్మాగారము సొంతమైనంత మాత్రమున అన్నియు నెరవేరవని కూడ ఆయన జీవితము చెప్పుచున్నది. 1952లో ఆయన ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును రూపొందించి, వెల 2,000 రూపాయలని నిర్ణయించిరి. ప్రభుత్వము లైసెన్సు నిరాకరించుటచే దాని తయారీ ఆగిపోయినది. సామాన్యునకు అందుబాటులో నుండదగిన బండి ఆ విధముగా నమూనాగానే మిగిలినది. వస్తువును కనిపెట్టుట ఒక పని, దానిని లోకమునకు చేర్చుట మరియొక పని. రెండవ పనికి చట్టము, పెట్టుబడి, ప్రభుత్వ దృష్టి అన్నియు కలిసిరావలెను. యువకులకు యంత్రవిద్య నేర్పువారు ఈ కఠిన సత్యమును గూడ దాచకుండ చెప్పుట మేలు.

నాయుడుగారు సేద్యమును గూడ ప్రయోగశాలగానే చూచిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ఆయన చేసిన ప్రయోగములను చూచుటకు సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహనీయులు ఆ తోటకు వచ్చిరి. 1967లో ఆయన పేర పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడినది. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, ఎనుబదేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసిరి. ఆయన పేరిటి ప్రదర్శనశాల కోయంబత్తూరున నేటికిని విద్యార్థులను ఆకర్షించుచున్నది.

ఆయన కోరిన చేతిచదువునకు ఇప్పుడు ప్రభుత్వమే తలుపు తెరచినది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు గల విద్యార్థుల కొరకు పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొల్పబడినవి. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము లభించును. ఎలక్ట్రానిక్సు భాగములు, సెన్సారులు, రోబోటులు కూర్చు సామగ్రి, త్రిమితీయ ముద్రణ యంత్రము అందుండును. ఇది గొప్ప అవకాశమే. కాని పాడగునేమో అను భయముతో సామగ్రి పెట్టెకు తాళము వేసినచో అది ల్యాబు కాదు, గిడ్డంగి. పాడైన పరికరముల పట్టిక లేని ప్రయోగశాలలో ప్రయోగములు జరుగుచున్నవా అని సందేహింపవలసి యుండును.

అట్టి ల్యాబు లేని పాఠశాలకును మార్గమున్నది. ఎనామిల్ పూత గల కొద్దిపాటి రాగితీగ, ఒక పొడి బ్యాటరీ, ఒక అయస్కాంతము, రెండు పిన్నీసులు ఉన్న చాలును. తీగను గుండ్రముగా చుట్టి, ఒక కొసన పూతను పూర్తిగాను, రెండవ కొసన సగము వైపు మాత్రమును గీకి, బ్యాటరీకి తగిలించిన పిన్నీసులపై నిలిపి, క్రింద అయస్కాంతము నుంచవలెను. కొంచెము తట్టినచో చుట్ట తిరుగును. రెండవ కొసను గూడ పూర్తిగా గీకినచో అది ఊగిసలాడి ఆగిపోవును. ఎందువలన? సగము చుట్టులో విద్యుత్తు ఆగకున్న బలము వెనుకకు లాగును గనుక. ఈ ఒక్క ప్రశ్నకు బిడ్డ తానై సమాధానము కనుగొన్న దినమున మోటారు పాఠము మరువరానిదగును. ఆ పిదప రివైండింగు మేస్త్రీని ఒక శనివారము తరగతికి ఆహ్వానించి, కాలిన మోటారును విప్పి చూపింపవచ్చును. ఆయనకు గౌరవము, పిల్లలకు జ్ఞానము, ఇద్దరికిని లాభము. బాలికలను చూచువారుగా నిలిపి, బాలుర చేతికే పనిముట్లు ఇచ్చు అలవాటు మాత్రము పనికిరాదు.

జాగ్రత్తయు విద్యలో భాగమే. గోడ ప్లగ్గుతో పిల్లలు ప్రయోగములు చేయరాదు. పొడి బ్యాటరీలతోనే చేయవలెను. పాత బొమ్మగొట్టపు టెలివిజనులోను పెద్ద కెపాసిటరులలోను మీట ఆపిన పిమ్మట కూడ విద్యుత్తు నిలిచియుండును. సెల్‌ఫోను బ్యాటరీని గుచ్చినను వంచినను నిప్పంటుకొనును. వీనిని ముట్టవలదని చెప్పుటతో సరిపెట్టక, ఎందులకు ముట్టరాదో వివరించినచో పిల్లలు భయముతో గాక తెలివితో దూరముగా నుందురు.

నాయుడుగారివలె అందరు యంత్రవేత్తలు కానక్కరలేదు. అయినను ఇంటిలోని పాత రేడియోను విప్పిన బిడ్డకు సాధారణముగా లభించునది చీవాట్లే. వస్తువు చెడినదన్న బాధ సహజము. కాని ఆ క్షణమున చెడునది వస్తువా, లేక ఒక జీవితకాలపు జిజ్ఞాసయా అని పెద్దలు యోచింపవలెను. మందలించుటకు ముందు ఆ బిడ్డకు ఒక స్క్రూడ్రైవరును, ఒక కాగితమును, ఒక సాయంకాలమును ఇచ్చి, విప్పినదానిని మరల కూర్చి చూపుమని కోరుట న్యాయము. కూర్పు కుదిరినచో ఇంట ఒక పరికరము బాగుపడును. కుదరనిచో ఎక్కడ కుదరలేదో ఆ కాగితము చెప్పును. మరునాటి పాఠము అక్కడినుండియే మొదలగును.